కప్పు మీంచి జారని మనిషి

ఫ్రాన్సులోని ఆంజే ఊళ్ళో ఇళ్ళ కప్పులకు రాతిపలకలు పరచడంలో అన్సెల్మ్ చెయ్యి తిరిగినవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ కాలు జారలేదు. నాసిరకం పలకలు తెప్పించిన మేస్త్రీ మూతి మీద ఒక్కటిచ్చినందుకు మాత్రం ఆరు నెలలు జైలు పడింది.

గదిలో అతనికి తోడు ఒదిలోన్ అనే బడిపంతులు. ఒకే ఇంటిని ముగ్గురికి అమ్మి లోపలికొచ్చాడు. పగలంతా మంచం మీద బాసింపట్టు వేసుకుని నవల రాసేవాడు. ఒకే గదిలో ఉండే ఇద్దరు ఖైదీల కథ అది. సాయంత్రం సూప్ వచ్చేలోపు ఆనాటి పేజీలు చదివి వినిపించేవాడు. చదువు అంతంతమాత్రమైన అన్సెల్మ్ చెవులప్పగించి వినేవాడు. తన గురక, భార్య సోలాంజ్ మీద తన బెంగ, అన్నీ అందులో ఉన్నందుకు మురిసిపోయాడు.

ఐదో అధ్యాయంలో ఆ మురిపెం దిగిపోయింది. జైలు కప్పెక్కి పారిపోబోతూ అతని పాత్ర జారిపడి చచ్చిపోయింది.

"ఏంటి మాస్టారూ, నన్ను చంపేశారా?"

"నవలకి ఓ చావు కావాలయ్యా. చదివేవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకోవద్దూ?"

"చంపండి, కాదన్లేదు. కప్పు మీంచి పడ్డమేంటి? మావాళ్ళ ముందు తలెత్తుకోగలనా?"

"వానలో జారాడని రాశాగా."

"వానైతే బూట్లిప్పేసి ఎక్కుతాం. జ్వరంతో చంపండి, హాయిగా పోతాను."

కప్పు దృశ్యమే నవలకు ఆయువుపట్టని పంతులు భీష్మించాడు. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు పంతులే కాగితాలు పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"సరే, తడికప్పు మీద ఎలా నడుస్తారో నువ్వే చెప్పు."

అన్సెల్మ్ మంచాన్ని ఏటవాలుగా గోడకు ఆనించి, వట్టి కాళ్ళతో ఎక్కి చూపించాడు. కాపలావాడు తలుపు కంతలోంచి చూశాడు.

"ఎక్కడికి ప్రయాణం?"

"ఐదో అధ్యాయంలోకి," అన్నాడు పంతులు.

"అయితే చావెవరికి పెట్టను?" అని కాపలావాడు వెళ్ళాక పంతులు అడిగాడు.

"మీరు జారండి మాస్టారూ. మీకు కప్పులెక్కే అలవాటు లేదుగా."

పంతులు అలాగే రాశాడు.

ఇద్దరూ విడుదలయ్యాక రెండేళ్ళకు పుస్తకం అచ్చయింది. సోలాంజ్ మూడు ఆదివారాలు చదివి వినిపించింది. పంతులు పోయే చోట అన్సెల్మ్ వెక్కి వెక్కి ఏడ్చి, అప్పటికప్పుడు భార్యచేత ఆయనకి ఉత్తరం రాయించాడు. మరుసటి ఆదివారం ఒదిలోన్ మధ్యాహ్నం భోజనానికొచ్చి, పంది మాంసం కూర రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

"మీరు పోయాక ఆ గది బోసిపోయింది మాస్టారూ," అన్నాడు అన్సెల్మ్, ఆయన గ్లాసు నింపుతూ.