మారెక్క ఊరేగింపు

కళ్యాణదుర్గంలో నా కుట్టు దుకాణం ముందు నుంచి నిన్న ఒక పెళ్ళి మేళం పోయింది. తప్పెట్ల మోతకు గాజు బీరువా తలుపు సన్నగా అదిరింది. ఆ అదురు వేళ్ళకు తగలగానే మిషన్ ఆపేశాను. తప్పెట వింటే నాకు మొదట గుర్తొచ్చేది మారెక్క. ఆమె అసలు పేరు మరీనా. తల్లిది బ్రెజిల్, తండ్రిది ఇంగ్లండులో ఒక చిన్న ఊరు. ముదిగుబ్బ పక్కనున్న మా పల్లెలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగక మారెక్క అయి కూర్చుంది.

ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే ఒక సంస్థ పిలిస్తే ఆమె మా ఊరికి వచ్చింది. అప్పుడే ఇంటర్ ముగించి మిషన్ నేర్చుకుంటున్న నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చునని నన్ను ఆమె వెంట వేశారు. జాకెట్లు కుట్టడం నేర్పుతుందనుకున్నాం. ఆమె వచ్చీ రాగానే "ఊరేగింపు చేద్దాం" అంది. ఏ దేవుడికని అడిగితే, "దేవుడికి కాదు, మనకే" అంది. తన తండ్రి ఊళ్ళో సన్నని బద్దలతో ఇంటికప్పంత ఎత్తు మనిషిని కట్టి, కాగితపు తల పెట్టి వీధుల్లో తిప్పుతారట. తల్లి దేశంలో డప్పుల మధ్య ఈకల కిరీటాలతో ఆడతారట. ఆ రెండూ కలిపి కార్నివాల్ బొమ్మలూ దుస్తులూ చేయడమే ఆమె వృత్తి. మా ఊళ్ళో ఈకలకు బదులు ధర్మవరం మగ్గాల దగ్గర మిగిలిన పట్టు పోగులు తెచ్చింది. గౌన్లు గొడుగుల్లా విప్పారడానికి వలయాలు కావాలంటే, ఎండుతున్న మా చీనీ, అదే బత్తాయి, తోటలో పడి ఉన్న డ్రిప్పు పైపులు చూపించాను. "నీళ్ళు పారాల్సిన పైపులు గౌన్లకు పెడతాండారా?" అన్నాడు నాయన. నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు.

గౌన్లు తయారవుతుండగా ఒకరోజు ఆమె, "ఈ ఊళ్ళో ముసలివాళ్ళు ఎక్కడ?" అని అడిగింది. తన తల్లి దేశంలో ముసలి ఆడవాళ్ళు పెద్ద గౌన్లతో గిర్రున తిరుగుతూ రాకపోతే అది ఊరేగింపే కాదట. నేను మా అవ్వ సంగతి చెప్పాను. నాయన తల్లి ఓబుళమ్మ. తాత చిన్న వయసులోనే పోయాడు. అప్పటినుంచి ఇంట్లో ఎవరు ఏ పనికి బయల్దేరినా అవ్వ తలుపు వెనక్కి తప్పుకునేది. విధవ ఎదురొస్తే పని చెడుతుందని. ఎవరూ పొమ్మనక్కరలేదు, చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు. నాకు అందులో వింతేమీ కనిపించలేదు. మారెక్క మాత్రం చేతిలో పని ఆపేసింది.

"ఆమెను ఎవరైనా అడిగారా?" అంది.

"ఏమని?"

"తలుపు వెనక ఉండటం ఇష్టమేనా అని."

పుట్టినప్పటినుంచి ఆ ఇంట్లోనే ఉన్నాను. అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందనే నాకు తెలియదు.

ఆ సాయంత్రమే ఇద్దరం అవ్వ దగ్గరికి పోయాం. మారెక్క వచ్చీరాని తెలుగులో ఊరేగింపుకు రమ్మని అడిగింది. సెనక్కాయలు ఒలుస్తున్న అవ్వ తల ఎత్తలేదు. తిడుతుందని కాచుకున్నాను.

"ఎర్రది ఉండాదా?" అంది అవ్వ.

గౌను గురించి!

ఊరేగింపు రోజు పొద్దు వాలుతుండగా బడి దగ్గర బయల్దేరాం. వెనక కాగితపు మనిషి తలూపుతూ వస్తున్నాడు. మా ఊరి తప్పెట్లు మారెక్క నేర్పిన వరసలో మోగుతున్నాయి. అందరికన్నా ముందు ఎర్ర గౌనులో అవ్వ. అరుగుల మీది మగవాళ్ళ నోళ్ళు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉన్నాయి. ఊరి మలుపు తిరిగామో లేదో ఎదురుగా బోరు బండి. పొద్దున రావాల్సింది అప్పుడొచ్చింది. దానికి దారి చూపుతూ మోటారు సైకిలు మీద నాయన, ముందు సంచిలో టెంకాయ. చీనీ చెట్లు బతకాలంటే ఆ బోరులో నీళ్ళు పడాలి.

తప్పెట్లు ఆగిపోయాయి.

"అమ్మా! పక్కకు పో!" అని అరిచాడు నాయన.

తప్పుకుంటుందనే అనుకున్నాను. ఎప్పుడూ అంతే కదా. అవ్వ మొదలుపెట్టిన చుట్టు పూర్తిగా తిరిగి, నిలబడి, "నువ్వే పక్కన పో నాయనా. దోవ ఎడల్పుగానే ఉండాది" అంది.

నాయన మోటారు సైకిలును చేని అంచున దించి పక్కనుంచి వెళ్ళిపోయాడు, వెనకే బోరు బండి. ఊరేగింపు అక్కడికక్కడే చెదిరిపోయింది.

తెల్లారేసరికి తోటంతా తెల్లటి రాతి దుమ్ము. రాత్రంతా బోరు వేసినా చుక్క నీరు పడలేదు. మా ఇంటి ముందు జనం చేరారు. "ముండమోపిని ముందర పెట్టుకోని ఆడితే గంగమ్మ యాడొస్తాదప్పా?" అన్నాడు పక్కింటి పెద్దాయన. నాయన దుమ్ము కొట్టుకుపోయిన ఒంటితో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడే వచ్చిన మారెక్క, ఏమంటున్నారని నన్ను అడిగింది. చెప్పాను. ఆమె వెంటనే నాయన ముందు కూర్చుని, "తప్పు నాది. ఆమెను అడిగింది నేను. నన్ను తిట్టండి" అంది.

ఇంట్లోంచి అవ్వ బయటికి వచ్చింది.

"ఆ పాపనేల అంటారప్పా? ఇంతకు ముందర ఏసిన బోర్లు గూడా ఎండిపోయినాయి గదా. అప్పుడంతా నేను తలుపు ఎనకాలే ఉంటి. వాటికి ఎవురు ఎదురొచ్చినారు? చెప్పండి."

పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాయన తన తల్లిని అప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాడు.

మారెక్క ఆ వారమే వెళ్ళిపోయింది. బస్సు ఎక్కే ముందు, "అడిగాను సరే. అడిగాక ఆమెకేమవుతుందో ఆలోచించలేదు" అని ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. తోట బతకలేదు. చెట్లు కొట్టేసి గొర్రెలు పెట్టుకున్నాం. నాయన చాలా రోజులు అవ్వతో మాట్లాడలేదు. ఒక పొద్దున మాత్రం మందను తోలుకుని బయల్దేరుతూ ఆగి, "అమ్మా, ఈడికి రా. నేను పోతాండా" అన్నాడు. అవ్వ వచ్చి ఎదురుగా నిలబడింది. నాయన ఆమెను చూసి, తలూపి, పోయాడు.

మొన్న ఒక అత్త, భర్త పోయిన కోడలిని నా దుకాణానికి తీసుకొచ్చింది. "లేత రంగు జాకెట్లు రెండు కుట్టు, చాలు" అంది. నేను టేపు ఆ పిల్ల భుజాన పెట్టి, "నీకేది కావాలమ్మా?" అని అడిగాను. అలా అడిగితే కొందరు గుడ్డ లాక్కుని వేరే దుకాణానికి పోతారు. ఆ పిల్ల ఉలిక్కిపడి, ఏదో వినరానిది విన్నట్టు నన్ను చూసింది. తర్వాత అత్త వైపు తిరగకుండానే, బల్ల మీది చిలకపచ్చ గుడ్డ మీద మెల్లగా చెయ్యి పెట్టింది.