నాగక్క చిన్న ఆకలి

ఆత్మకూరు పక్క పల్లెలో నాగక్కది పెద్ద ఒళ్లు, పెద్ద చేయి. కళ్లంలో కూలీలందరికీ సంగటి కెలికేది, వాళ్లతో సమానంగా తినేది. పగటిపూట నడుం వాల్చి ఎరుగదు. నలభై దాటాక కడుపులో పుండు పడింది. పొద్దున తిన్నది సాయంత్రానికి కక్కేది. నాటుమందులు అయ్యాయి, మొక్కులూ అయ్యాయి. ఒకనాడు వాంతిలో నెత్తురు పడేసరికి భర్త పుల్లయ్య ఆమెను బస్సెక్కించి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

పుండుతో పాటు అన్నసంచిలో సగానికి పైగా కోసేసి, మిగిలినదాన్ని పేగుకు కలిపి కుట్టాలని డాక్టరు చెప్పాడు. నాగక్క పక్కనున్న నర్సు రత్నమణిని అడిగింది.

“సంచి కోసేస్తే నా ఆకలి యాడికి పోతాదమ్మా?”

“యాడికీ పోదక్కా. చిన్నదై నీతోనే ఉంటాది.”

మత్తుమందు వాసన తియ్యగా ముక్కుకు తగిలింది. నాగక్క తేలిపోయింది. కింద జొన్నచేలు, వాటి మీద తన నీడ మబ్బు నీడలా జారిపోతోంది. ఎవరో అన్నానికి పిలుస్తున్నారు. ఆమెకు దిగాలనిపించలేదు.

మెలకువ వచ్చేసరికి ముక్కులో గొట్టం, పొట్ట మీద నిలువునా కుట్లు. దగ్గితే ప్రాణం పోయినంత పని అయ్యేది. కొన్నాళ్లు నోటికి చుక్క నీళ్లు ఇవ్వలేదు. తర్వాత చెంచాతో గంజి పోశారు. ఇంటికి పంపేటప్పుడు రత్నమణి జాగ్రత్తలు చెప్పింది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలి, బాగా నమలాలి, అన్నం మధ్యలో నీళ్లు తాగకూడదు, తిన్నాక కాసేపు పడుకోవాలి.

ఒక పండగనాడు అవన్నీ మరిచి గిన్నెడు పాయసం తాగింది. గుండె దడదడలాడి, చెమటలు కారి, గోడ పట్టుకుని కూలబడింది. అప్పటినుంచి నిమ్మకాయంత సంగటి ముద్దతోనే సరిపెట్టుకుంది. ఒళ్లు కరిగి రవికెలు వదులయ్యాయి. బావి దారిలో పుల్లయ్యే ఆమెను ఎవరో అనుకుని పక్కకు తప్పుకున్నాడు.

ఆనాడు చాటుగా ఏడ్చింది. రోజులు గడిచేకొద్దీ, తిన్నాక పందిరి కింద మంచం మీద పడుకున్నప్పుడు, ఆమెకు పగలు కనబడసాగింది. పైన కప్పిన బోదగడ్డి సందుల్లోంచి దిగిన వెలుగు చీర మీద మెల్లగా నడిచేది. నల్లమల వైపు మబ్బులు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. పుల్లయ్య వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. ఇన్నేళ్ల కాపురంలో పట్టపగలు పనిలేని మాటలు చెప్పుకోవడం వాళ్లకు అదే మొదలు.

మరుసటేడు పక్కూరి తిరుపతమ్మ అదే జబ్బుతో వచ్చి, కోస్తే ఏమవుతుందని అడిగింది. నాగక్క ఏదీ దాచలేదు. గొట్టం, కుట్లు, చెమటలు, చాటున ఏడ్చిన ఏడుపు, అన్నీ చెప్పింది.

“ఇంక ఇష్టంగా తినేదే ఉండదా అక్కా?”

“ఉంటాది. ముద్ద చిన్నదైనాక రుచి శానా సేపు నిలుస్తాది,” అంది నాగక్క. “భయపడొద్దు, నేనూ వస్తా.”

ఇద్దరూ కర్నూలు బస్సెక్కారు. ఎండిన చేలు కిటికీ పక్కన జారిపోతుంటే, తిరుపతమ్మ ఆమె చేయి పట్టుకుని నిద్రపోయింది.