మెట్ల మీద అత్త మోకాలు

రెడ్డియార్‌పాళయంలో మాది రెండో అంతస్తు, అదే చివరిది. మా అత్త మెట్లెక్కుతుంటే ప్రతి మెట్టుకీ మోకాలు టక్కుమనేది, వెనకే ఉస్సురనే నిట్టూర్పు. ఈ వేసవిలో రెండు మోకాళ్లకీ ఆపరేషన్ చేయించి కొత్త కీళ్లు పెట్టించాం. చప్పుడు పోయింది.

ఒంట్లోంచి ఏది తీసినా మట్టికి ఇవ్వాలని అత్త వాళ్లింట్లో పట్టింపు. తీసేసిన ఎముక ముక్కలు ఇమ్మని ఆస్పత్రిలో ఒకటే అడిగింది. వాళ్లు ఇవ్వలేదు. మేం నవ్వేసి ఊరుకున్నాం.

ఈ రోజు మధ్యాహ్నం అత్తా నేనూ కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. కింద మెట్ల మీద టక్కుమంది. ఉస్సురని నిట్టూర్పు. మళ్లీ టక్కు. అత్తేమో నా ఎదురుగానే ఉంది! ఆ చప్పుడు ఒక్కో మెట్టే ఎక్కి వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. వెళ్లి తలుపు తీశాను.

"ఎవురూ లేరత్తా," అన్నాను.

"నా మోకాలే మే అది. అడిగితే ఈలేదు గదా, అదే ఎతుక్కుంటా వచ్చింది. ఆడ నిలబెట్టొద్దు, లోపలికి రానీ," అని తన పక్కన ఒక కుర్చీ లాగి వేసింది.

ఎవరో పైకి వెళ్లి ఉంటారని నాకు నేను చెప్పుకుంటున్నాను. పైన నీళ్ల ట్యాంకు తప్ప ఏమీ లేదు. ఆపరేషన్లో తీసిన ఎముకలు ఎక్కడికి పోతాయో మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండి.

చీకటి పడింది, ఇంటి నిండా దోమలు. తలుపు మూస్తానంటే అత్త ఒప్పుకోవడం లేదు.

"ఉండు మే, ఇంకో కాలిది రావాల."