సారమ్మ ముట్టని పెట్టె

గద్వాల దగ్గరి మా హైస్కూలు పేరు రాయను. రాస్తే ఇంకా అక్కడే పనిచేస్తున్నవాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోవడం తప్ప మరో పని చేతకానివాళ్ళు. ఇరవై రెండేళ్ళు అక్కడే లెక్కలు చెప్పాను కాబట్టి ఈ మాట నాకూ తగులుతుంది, తగలనీ.

సారమ్మ మా అటెండరు. అటెండరుగా ఉన్న భర్త చనిపోతే ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. అంతకు ముందు పత్తి చేలల్లో కూలికి పోయేది. గదులు ఊడ్చేది, టీ తెచ్చేది, గంట కొట్టేది. ఆమె గంట వింటే బజారులో దుకాణదారులు గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. మా సార్లు మాత్రం ఆ గంటకు కూడా బడికి చేరేవాళ్ళు కాదు.

1986లో ఏదో పథకం కింద మాకొక కంప్యూటరు వచ్చింది. ఇప్పటివాటి లాంటిది కాదు. మీటలున్న పెట్టే మొత్తం కంప్యూటరు. దాన్ని ఒక చిన్న టీవీకి తగిలించి, పక్కన టేప్ రికార్డరు పెట్టి క్యాసెట్ నడిపిస్తే అందులో ఉన్న ఆటో పాఠమో దానిలోకి ఎక్కుతుంది. ఆ క్యాసెట్‌ను మామూలుగా వింటే చెవులు చిల్లులు పడే కీచుమోత తప్ప ఏమీ వినిపించదు. ఆ మోతే ఆట. అలాంటివి పన్నెండు క్యాసెట్లు పంపారు. హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చి మాకు పావుగంట చూపించాడు. టీ తెచ్చిన సారమ్మ తలుపు దగ్గర ఆగి తొంగి చూస్తే, "నీకేం తెలుస్తది, పో" అన్నాడు మా హెడ్మాస్టరు.

కోతికి కొబ్బరికాయ దొరికితే కనీసం దొర్లించి చూస్తుంది. మేము అదీ చెయ్యలేదు. బీరువాలో పెట్టి తాళం వేశాం. ఏటా దసరాకు బయటికి తీసి, మీటల మీద కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మళ్ళీ లోపల పెట్టేవాళ్ళం. బీఎస్సీలు, బీఈడీలు చదివినవాళ్ళం.

మా హెడ్మాస్టరును పిల్లలు మైకు సారు అనేవాళ్ళు. మైకు చేతికి వస్తే పిల్లలు ఎండకు కళ్ళు తిరిగి పడేదాకా వదిలేవాడు కాదు. 1988లో తనిఖీకి అధికారులు వచ్చి కంప్యూటరు నడిపి చూపించమన్నారు. మైకు సారు క్యాసెట్ పెట్టాడు, మీటలు నొక్కాడు, చెమటలు కక్కాడు. తెర మీద ఆట రాలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు వెంటనే తలుపు వైపు వేలు చూపించాడు. "అటెండరు తడిగుడ్డ పెట్టి తుడిచింది సార్. నీళ్ళు లోపలికి పోయినయి."

సారమ్మకు మెమో ఇచ్చారు. సర్వీసు పుస్తకంలో ఎక్కించారు. కంప్యూటరున్న గది గడప దాటొద్దన్నారు. తడిగుడ్డతో తుడవడం కళ్ళారా చూశామని ఇద్దరు టీచర్లు సాక్షి సంతకాలు చేశారు. రెండో సంతకం నాది. నేను చూడలేదు. ఆమె తుడిచిందన్న రోజు నేను సెలవులో ఉన్నాను.

అప్పటి నుంచి ఊళ్ళో ఆమె పేరు కంప్యూటర్ సారమ్మ. పిల్లలు మారారు, హెడ్మాస్టర్లు మారారు, పేరు మారలేదు. కొత్తగా వచ్చిన ప్రతి హెడ్మాస్టరుకూ ఎవరో ఒకరు మొదటి రోజే చెప్పేవాళ్ళు, ఆమెను ఆ గదిలోకి రానివ్వకండి అని. పద్దెనిమిదేళ్ళు ఆమె వరండా అంతా ఊడ్చుకుంటూ వచ్చి ఆ గడప దగ్గర చీపురు ఆపేది. లోపల దుమ్ము జానెడు పేరుకుంది. దాన్ని ఊడ్చే దమ్ము మాలో ఎవరికీ లేదు.

2006 ఏప్రిల్‌లో ఆ గది కావలసి వచ్చింది. పనికిరాని సామాను జాబితా రాసి పంపితే తీసుకుపోతామన్నారు పైవాళ్ళు. జాబితా పని నా మీద పడింది. విరిగిన బెంచీలు, చిల్లులు పడ్డ బకెట్లు రాసి, కంప్యూటరు దగ్గరికి వచ్చి, కారణం అన్న గడిలో పాత మెమో చూసి మక్కీకి మక్కీ దించుతున్నాను. సారమ్మ స్టాఫ్ రూములో నా బల్ల మీద టీ పెట్టి నిలబడింది. ఆ మే నెలాఖరుకే ఆమె రిటైరవుతోంది.

"గండ్ల ఏం రాస్తున్రు సారు?"

"పాతదే సారమ్మా. ఏముంటది."

"చదువుండ్రి."

చదివాను. అటెండరు నిర్లక్ష్యం వలన నీరు చేరి పాడైనది.

"నా మనుమరాలు జూన్‌ల గీ బడికే వస్తది," అంది. "దాన్ని గూడ కంప్యూటర్ ఖరాబు చేసినామె మనుమరాలు అనాల్నా? ఒక్కసారి నా ముంగట ఆన్ చెయ్యుండ్రి. ఖరాబైతే నా పేరే రాయుండ్రి. కాకుంటే నా పేరు తీసేయుండ్రి."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను అధికారం చూపించి తప్పించుకునేవాణ్ణి.

అప్పుడు మా బడిలో కంప్యూటర్లు చెప్పడానికి పద్మజ అనే కాంట్రాక్టు అమ్మాయి ఉండేది. ఆ పెట్టెను చూసి నవ్వింది. "నా సెల్ ఫోన్ల దీనికంటె ఎక్కువ ఉంది సార్." అయినా బీరువా అడుగున దొరికిన, దాన్ని నడిపే తీరు చెప్పే పుస్తకం ఇంటికి పట్టుకుపోయి రెండు రోజులు చదివింది. ఇరవై ఏళ్ళలో దాన్ని తెరిచింది ఆమె ఒక్కతే. బడి టేప్ రికార్డరు మైకు సారు బదిలీతోనే మాయమైంది కనుక నేను మా ఇంటిది తెచ్చాను.

పద్మజ స్విచ్ వేసింది. టప్పుమని చప్పుడొచ్చి వెనకనుంచి పొగ లేచింది.

"నేను ముట్టలే," అంది సారమ్మ. ఆమె గడప బయటే ఉంది. బల్లకూ ఆమెకూ మధ్య పది అడుగుల దూరం. నాకు ఆ పొగలోనే దూరిపోదామనిపించింది.

పద్మజ ఆపి, "కరెంటు వచ్చే చోట పాత ముక్కేదో కాలింది, అది లేకున్నా నడుస్తది," అని పొగ పోయేదాకా ఆగి, మళ్ళీ వేసింది. పెట్టె కూత పెట్టింది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. కంప్యూటరు బతికే ఉంది. మొదటి క్యాసెట్ పెట్టింది. వెతుకుతున్నానని తెర మీద ఇంగ్లీషులో పడింది. వెతుకుతూనే ఉంది. పది నిమిషాలైనా ఏమీ రాలేదు.

"చూసినవా, లోపల ఏదో పోయిందే," అన్నాను. సిగ్గు లేకుండా నాకు కాస్త ఊరట కలిగింది. సారమ్మ తల దించుకుంది.

పద్మజ మాత్రం వైరు పీకి క్యాసెట్‌ను మామూలుగా వినిపించింది. గదిలో మైకు సారు గొంతు లేచింది. "నా ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా. క్రమశిక్షణ అనగా నేమి?"

రెండో క్యాసెట్‌లోనూ ఆయనే. మూడోదాంట్లోనూ ఆయనే. ఒకదాంట్లో ఆగస్టు పదిహేను, ఒకదాంట్లో బాలల దినోత్సవం. కొన్న క్యాసెట్ల మీద ఎవరూ రికార్డు చెయ్యకుండా వెనక చిన్న కంతలుంటాయి. అన్నిటికీ మళ్ళీ రికార్డయ్యేలా కంతల మీద గాయాలకు వేసే పట్టీ ముక్కలు అంటించి ఉన్నాయి. పైన తేదీలు ఆయన చేతిరాతలోనే ఉన్నాయి. కీచుమోత విని క్యాసెట్లు చెడిపోయాయనుకుని, మహానుభావుడు ఆటలన్నీ చెరిపి తన గొంతు నింపుకున్నాడు. తర్వాత తనిఖీ రోజు తన ఉపన్యాసాన్నే కంప్యూటరుకు తినిపించి, అది తినకపోతే సారమ్మ తడిగుడ్డ మీదికి తోశాడు. కంప్యూటరుకైనా కాస్త బుద్ధి ఉంది, మేము ఏళ్ళ తరబడి ఆ ఉపన్యాసాలకు చప్పట్లు కొట్టాం.

పన్నెండోదాంట్లో ఆయన బతుకులో మొదటిసారి తొందరగా ముగించాడు. జై హింద్ అన్న తర్వాత, ఆయన చెరపని చివరి ఆట కీచుమోత మొదలైంది. పద్మజ గబగబా వైరు తగిలించింది. కాసేపటికి తెర నీలంగా మారి, ఒక వాగు, దాంట్లో పుట్టి లాంటి గుండ్రటి పడవ, ఎదురుగా వచ్చే బండలు కనిపించాయి. రెండు మీటలతో పడవను అటూ ఇటూ తప్పించాలి.

"రా పెద్దమ్మా," అంది పద్మజ.

సారమ్మ గడప దగ్గర ఆగింది. నా వైపు చూసింది. నేను తల ఊపాను, ఏదో నా తాత ఆస్తి రాసిస్తున్నట్టు. ఆమె చెప్పులు విడిచి లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని, కుంకుమ మరకలున్న మీటల మీద వేళ్ళు పెట్టింది. పడవ మొదటి బండకే గుద్దుకుని మునిగింది.

"గింతేనా?" అంది.

మీటల మీంచి వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"గిట్ల పుట్టి నడిపితే కృష్ణల నిమిషం గూడ తేలదు. చిన్న పోరగాండ్ల ఆట. దీనికోసమా నన్ను పద్దెనిమిదేండ్లు గడప బయట పెట్టిన్రు?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమె నా వైపు తిరగకుండానే అడిగింది. "మీరు చూసిన్రా సారు, నేను తడిగుడ్డ పెట్టంగ?"

"చూడలే," అన్నాను. "ఆ రోజు నేను బడికే రాలే. సంతకం పెట్టమంటే పెట్టిన."

"నాకు ఎర్కనే," అంది. "ఆనాడు రిజిస్టర్ల మీ సెలవు చీటి పెట్టింది నేనే."

మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి పడవ ఆరు బండలు దాటింది. తర్వాత పదకొండు. పద్మజ పక్కన నిలబడి చప్పట్లు కొడుతోంది. నేను జాబితాలో కంప్యూటరు వరుస మొత్తం కొట్టేసి, పనిచేయుచున్నది అని రాశాను. పాత మెమో తప్పని, నా సాక్ష్యం అబద్ధమని వేరే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. ఇంత చిన్న వాక్యం రాయడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. లెక్కల మాస్టర్ని మరి.

కాగితం ఆమె ముందు పెట్టాను. చదవమంది. చదివి వినిపించాను. మడిచి కొంగున ముడి వేసుకుని మళ్ళీ తెర వైపు తిరిగింది. పడవ ఇరవయ్యో బండ దగ్గర ఉంది. ఆట మీద నాకూ మనసు పుట్టి, "జర నన్ను గూడ ఒకసారి చూడనీయి సారమ్మా," అని మీటల వైపు చెయ్యి చాపాను.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

"ముట్టకుండ్రి సారు," అంది. "ఖరాబైతది."

చెయ్యి వెనక్కి తీసుకుని, గడప బయటికి వెళ్ళి నిలబడ్డాను.