వాలెట్‌కు బొట్టు

హైటెక్ సిటీలో నా ఉద్యోగం ఖాయం కావాలంటే ఆ రోజు డెమో గట్టెక్కాలి. పెన్‌డ్రైవ్‌లా ఉండే హార్డ్‌వేర్ వాలెట్‌ను లాప్‌టాప్‌కు పెట్టి, దాని మీట నొక్కితేనే మా వెబ్ యాప్‌లోకి లాగిన్ అవుతాం. "ఇది ఉండగా ఏ దొంగా లోపలికి రాలేడు" అని క్లయింట్ల ముందు ఘనంగా ప్రకటించి నొక్కాను. నేనూ రాలేకపోయాను. మీట చుట్టూ ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది.

లింగంపల్లిలో ఇంటికి ఫోన్ చేశాను. "నాయనమ్మా, నా వాలెట్‌ను ఏం చేసినవ్?"

"నిన్న దసరా గదా బిడ్డా! బండికి బొట్టు పెట్టి, అన్నం పెట్టేదానికి పెట్టకుంటే ఎట్ల? కుంకుమ తడిపి జర మందంగనే పెట్టిన."

మేనేజర్ గుండుసూది అందించాడు. పది నిమిషాలు గీకాక లాగిన్ అయింది, ఉద్యోగమూ దక్కింది.

హ్యాకర్లందరినీ ఊహించిన మేము నాయనమ్మను ఊహించలేదు. ఏడాది తిరిగి వచ్చిన ఈ దసరాకు వాలెట్‌ను ఆఫీసులో దాచి, ఇంటికి పాత పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లాను. బొట్టు దానికే పడింది.