మజ్రీ ఆకు బుట్ట

మా అశోక్‌నగర్ ఇంటి పై వాటాలో అద్దెకుండే అఫ్గాన్ అమ్మాయి సెలవులకు ఊరెళ్లొచ్చి, ఎండు అంజీర పళ్లున్న చిన్న బుట్ట ఇచ్చింది. మా అత్తమ్మ పళ్లను వదిలేసి బుట్టనే తిప్పి తిప్పి చూసింది.

"ఇది ఈతాకు కాదు, తాటాకు కాదు. ఏందమ్మా ఇది?"

"మజ్రీ. తాటిచెట్టు లాంటిదే, మా కొండల మీద ఉంటది," అందా అమ్మాయి సగం ఉర్దూ, సగం తెలుగులో. "మంచు పడ్డా, నీళ్లు లేకున్నా చావది. చాపలు, తాళ్లు, చెప్పులు అన్నీ దీంతోనే చేస్తరు."

"చెప్పులు గూడనా!"

ఆ అమ్మాయి పైకెళ్లి తన ఆకుచెప్పులు తెచ్చింది. అత్తమ్మ వాటిని తొడుక్కుని వరండా అంతా నడిచి చూసింది. నాకు మాత్రం ఆ చెట్టునే చూడాలనిపించింది. అడిగితే ఫోన్‌లో ఫొటో చూపించింది. రాళ్ల మధ్య బూడిదరంగు విసనకర్రల గుబురులాంటిది కనిపించింది.

"మరి మాను ఏది?" అన్నాను.

"నేల లోపలే పాకుతది, అక్కా," అంది.