సముద్రం ఒడ్డున నేను ఖాళీ చేసిన తొట్టి

రెండు వేల సంవత్సరం జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా గోల పెట్టింది. మేం సరిచేసినవి ఒక్కటీ ఆగలేదు. ఆ సంతోషంతో మా జపాన్ క్లయింటు, టోక్యోకు దక్షిణాన ఇజు తీరంలో ఆరంటే ఆరే గదులున్న ఖరీదైన హోటల్లో నాకూ మా ఆవిడకూ రెండు రోజుల బస బహుమతిగా పంపాడు. విమానం టికెట్లు మాత్రం మనవే.

నాకు ఆ ప్రయాణంతో వేరే పనుంది. నవంబరులో నా భార్య వసుంధరకు కడుపులో గడ్డ తీశారు. ఆమెను ఆపరేషన్‌కు తీసుకెళ్లే వేళకు నేను ఆఫీసులో టెస్టింగ్ చేస్తూ కూర్చున్నాను. “సాయంత్రం వస్తాగా” అన్నాను ఫోన్లో, పెద్ద పనిమంతుణ్ణిలా. గడ్డ ప్రమాదమైంది కాదని తేలింది. ఆమె కోలుకుంది. కానీ ఆ రోజు గురించి ఇంట్లో ఒక్క మాట లేదు. అడిగినదానికి జవాబు, అంతే. ఆమె మళ్లీ నాతో మామూలుగా మాట్లాడితే చాలనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక గురువారం ఉదయం ఆరుంబావుకు మేముండే పేట వెస్ట్‌మీడ్‌లో రైలెక్కాం. వసుంధరతో హాస్పిటల్ ల్యాబులో పనిచేసే హైదరాబాదు అమ్మాయి ఫాతిమా నైట్ డ్యూటీ దిగి అదే పెట్టెలో ఉంది.

“జపానా? అక్కా, పచ్చడి ప్యాక్ చేసుకున్నవా? ఆడ అంతా చేపలే అంట!” అంది. దిగేముందు నావైపు తిరిగి, “అక్కని జర మంచిగ చూస్కో అన్నా” అంది. తల ఊపాను.

సెంట్రల్ స్టేషన్లో దిగి ఎయిర్‌పోర్టు బస్సు పట్టుకున్నాం. విమానంలో తొమ్మిదిన్నర గంటలు. ఆ రాత్రి విమానం దిగిన నరిటాలోనే పడుకుని, మర్నాడు పదకొండింటికి టోక్యో స్టేషన్లో ఇజు రైలెక్కాం. వెళ్లేవాళ్లు ఎడమ పక్క సీట్లు అడిగి తీసుకోండి, సముద్రం అటే. నేను కుడి పక్క తీసుకుని దారంతా కొండలు చూశాను.

రెండింటికి హోటల్ చేరాం. యజమానురాలికి అరవై ఏళ్లుంటాయి. గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని స్వాగతం చెప్పి, మా బూట్లు తనే తిప్పి సర్దింది. గదిలో చాపలు, గోడంత కిటికీ, దాని నిండా సముద్రం. అక్కడి గొప్ప అంతా వేడినీటి ఊట. సముద్రానికి ఎదురుగా పెద్ద చెక్క తొట్టి ఉంటుంది. గంట చొప్పున వంతులు. నాలుగింటికి మొదటి గంట నాది, తర్వాతది వసుంధరది, ఆ తర్వాత యొకొహామా నుంచి వచ్చిన వృద్ధ దంపతులది.

తొట్టి బయట పీట మీద కూర్చుని చెంబుతో ఒళ్లు కడుక్కున్నాకే లోపలికి దిగాలి. మన దొడ్లో స్నానమే కదా అని ముచ్చటపడ్డాను. మెడదాకా వేడినీళ్లలో మునిగితే, మూడు నెలల టెస్టింగ్ ఒంట్లోంచి దిగిపోయింది. లేచాక బుర్ర పనిచేసింది. నేను దిగిన నీళ్లలో మా ఆవిడ దిగడమేమిటి, ఛీ! బిరడా పీకేశాను. తొట్టి శుభ్రంగా తోమేశాను కూడా.

యజమానురాలు వచ్చి ఖాళీ తొట్టిని చూసి సంగతి చెప్పింది. ఊట నీళ్లు సన్నగా వస్తాయట. నిండడానికి రెండు గంటలు. సాయంత్రమంతా అందరూ దిగేది ఆ నీళ్లలోనేనట!

“చెప్పకపోవడం నా తప్పు, క్షమించండి” అని ఆవిడే నా ముందు వంగింది. తల తీసేసినట్టయింది. అదే మా ఆఫీసైతే తప్పు ఎవరి మీదికి నెట్టాలా అని మీటింగు పెట్టేవాణ్ణి.

వసుంధరను వెంటబెట్టుకుని ఆ దంపతుల గదికెళ్లాను. పెద్దాయన ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరయ్యాడట. నడుము వంచి, “మీ గంట పాడుచేశాను. తప్పు నాది” అన్నాను. వసుంధర నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

పెద్దాయన నవ్వాడు. “కొత్త నీళ్లు ముసలివాళ్లకు పడవని మాకో మాట ఉంది. ఎవరైనా ముందు దిగితేనే అవి మెత్తబడతాయి. అమ్మా, మా కోసం నువ్వు ముందు దిగుతావా?”

మూడు నెలలుగా దేనికీ మనసు పెట్టని మనిషి, “తప్పకుండా అంకుల్” అంది. ఏడింటికి దిగి, బుగ్గలు ఎర్రగా చేసుకుని వచ్చింది. రెండు గిన్నెల అన్నం తిని మూడోది అడిగింది. ఆ పెద్దాయనకూ, ఆ హోటల్ తల్లికీ ఎన్ని దండాలు పెట్టినా తీరదు.

ఆదివారం పదింటికి, మా రైలు మలుపు తిరిగేదాకా యజమానురాలు ప్లాట్‌ఫారం మీద చేయి ఊపుతూనే ఉంది. వసుంధర కిటికీ పక్కన కూర్చుంది. పరాయివాళ్ల ముందు అంత తేలిగ్గా వచ్చిన మాట ఈమె ముందు ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో.

“వసూ, ఆ రోజు రాకపోవడం నా తప్పు. రాగలిగి కూడా రాలేదు” అన్నాను.

ఆమె ఇటు తిరిగింది.

“అవును, తప్పే” అంది. “నన్ను లోపలికి తీసుకెళ్తుంటే నర్సు, మీ ఆయన ఎక్కడ అని అడిగింది. నేను పనిచేసే చోటేగా, అందరూ తెలిసినవాళ్లే. కారు పార్క్ చేస్తున్నారు, వచ్చేస్తున్నారు అని చెప్పానండీ.”

నాకు ఏడుపొచ్చేసింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు.